శిస్తు లెక్కలో 63 ఫసలీలు నిలిచిన వెంకయ్య

ప్రశ్న: మాది గుంటూరు ప్రాంతంలోని మెట్ట గ్రామం. మా తాతగారి భోషాణంలో దొరికిన పాత శిస్తు రసీదులను, కచేరీ నుంచి సంపాదించిన కొన్ని పదో నంబరు లెక్కల (ఎవరి పేర ఎంత భూమి, ఎంత శిస్తు అని చూపే గ్రామ లెక్కల) నకళ్లను ముందు పెట్టుకుని వంశవృక్షం రాయడానికి కూర్చున్నాను. మా ముత్తాత పేరు వెంకయ్య, ఆయన తండ్రి సుబ్బయ్య. అంతకు పైన మాకేమీ తెలియదు. ముత్తాత నూరేళ్లు బతికాడని ఇంట్లో చెప్పుకునేవారు. లెక్కల్లో చూస్తే ఫసలీ (శిస్తు సంవత్సరం) 1290 మొదలు 1352 దాకా "వెంకయ్య తం. సుబ్బయ్య" (తం. అంటే తండ్రి) అన్న పేరే ఉంది. ఫసలీ 1322లో ఆ భూమిలోంచి 3 ఎకరాల 20 సెంట్లు "లక్ష్మమ్మ గారు" అన్న ఒకావిడ పేర చేరింది. ఆమె ముత్తాతకు రెండో భార్య అని కొందరు, అసలు పెళ్లే జరగలేదని కొందరు గుసగుసలాడుకునేవారు. ఊళ్లో మా ఇంటిపేరే ఉన్న మరో కుటుంబం వారు, తమ మూలపురుషుడు రామయ్యా మా ముత్తాతా అన్నదమ్ములంటారు, మా పెద్దలు ఒప్పుకోలేదు. ఫసలీ 1337 లెక్కలో మాత్రం "రామయ్య తం. వెంకయ్య" అని ఉంది, అంటే కొడుకు కావాలి కదా? ఒక రసీదు వెనుక "0-5-4" అని రాసి ఉంది, అది కట్టని బాకీయా? ఆస్తి తగాదా ఏదీ లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిస్తే చాలు.

సమాధానం: మీ పూర్వుల అసలు పేర్లు మార్చి మీ ఉత్తరాన్ని పైన క్లుప్తంగా ఇచ్చాను. మీరు పంపిన నకళ్లను రెండు రోజుల పాటు మళ్లీ మళ్లీ చూశాను. మీ మూడు చిక్కులూ విడివిడివి కావనీ, ఒకే చిక్కుకు మూడు కొసలనీ నా అభిప్రాయం. అందులో చాలా భాగం మీ చేతిలో ఉన్న కాగితాలతోనే విడిపోతుంది.

ముందుగా ఆ లెక్క ఎలా పుట్టేదో మనసులో పెట్టుకోవాలి. రైత్వారీ గ్రామంలో, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఊళ్లో, కరణం ఏటా లెక్క రాసేవాడు, మునసబు శిస్తు వసూలు చేసేవాడు, జమాబందీ నాడు పై అధికారులు వచ్చి ఆ లెక్కను సరిచూసేవారు. సర్కారుకు కావలసింది ఒక్కటే: ఫలానా సర్వే నంబరుకు ఇంత శిస్తు, అది ఎవరిని అడగాలి? ఆ అడగవలసిన మనిషి చనిపోయినా, ఆయన కొడుకులు కిస్తు తప్పకుండా కడుతున్నంత కాలం పేరు మార్చాలన్న తొందర ఎవరికీ ఉండేది కాదు. కరణం నిరుటి లెక్క పక్కన పెట్టుకుని ఈ ఏటి లెక్కలోకి పేర్లు ఎక్కించుకుంటూ పోయేవాడు. కాబట్టి ఒక పేరు ఇరవై ఏళ్ల పాటు వరసగా కనబడితే ఇరవై సాక్ష్యాలు దొరికాయని అనుకోకూడదు. మొదటి ఏడు రాసినది ఒక సాక్ష్యం, మిగిలిన పందొమ్మిదీ దానికి నకళ్లు. ఎక్కడ ఒక అక్షరం మారిందో, ఎక్కడ ఒక మాట కొత్తగా చేరిందో, ఎక్కడ ఒక మాట జారిపోయిందో ఆ ఏడు మాత్రం కరణం ఆగి, విచారించి, కలం కదిపాడన్నమాట. మీ కాగితాల్లో అలాంటి చోట్లు నాలుగు ఉన్నాయి. నేను వాటి మీదనే ఆధారపడుతున్నాను.

ఫసలీ సంవత్సరాలను క్రీస్తు శకంలోకి మార్చుకోవడం మీకు తెలిసే ఉంటుంది గాని, ఉత్తరంలో ఒకచోట ఏడాది తేడా వచ్చింది కనుక చెబుతున్నాను. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధం నుంచి ఫసలీ జూలై 1న మొదలై మరుసటి జూన్ 30న ముగిసేది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే అది మొదలైన సంవత్సరం వస్తుంది. ఆ లెక్కన ఫసలీ 1290 అంటే 1880 జూలై నుంచి 1881 జూన్ వరకు, 1322 అంటే 1912-13, 1352 అంటే 1942-43. మార్చిలో వసూలైన కిస్తు రసీదు మీద ఫసలీ 1322 అని ఉంటే అది 1913 మార్చి అవుతుంది, 1912 కాదు. నైజాం ఇలాకాలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది. తెలంగాణ ప్రాంతపు పాఠకులు ఈ తేడా గమనించాలి. అక్కడి లెక్కలు ఉర్దూలో ఉంటాయి, భూమి కొలత ఎకరాల్లోనూ గుంటల్లోనూ ఉంటుంది, 1954-55 నాటి ఖాస్రా పహాణీ నుంచి వెనక్కి నడవడం వారికి సుళువు.

ఇక మీ ముత్తాత ఆయుర్దాయం సంగతి. ఫసలీ 1290లో పట్టాదారుగా ఉన్న మనిషికి అప్పటికి కనీసం పద్దెనిమిది, ఇరవై ఏళ్లుంటాయి. 1352 నాటికి ఎనభై దాటాలి. అలా బతికినవారు లేకపోలేదు. అయితే మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టే ఆచారాన్ని మరచిపోకూడదు. సుబ్బయ్య కొడుకు వెంకయ్య, ఆ వెంకయ్య కొడుకు మళ్లీ సుబ్బయ్య, ఆ సుబ్బయ్య కొడుకు మళ్లీ వెంకయ్య. ఇలా ఒక తరం విడిచి ఒక తరం "వెంకయ్య తం. సుబ్బయ్య" అన్న జంట యథాతథంగా తిరిగి వస్తుంది. లెక్కలో మధ్య తరం పేరు ఎక్కకుండా పోతే తాతా మనవడూ కలిసి ఒకే దీర్ఘాయుష్మంతుడిలా కనబడతారు. మీ ఇంట్లో నూరేళ్ల ముత్తాత కథ ఇలాగే పుట్టి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తున్నది.

అనిపించడం చాలదు కనుక ఆధారం చూద్దాం. మీరు పంపిన రసీదుల్లో ఫసలీ 1318 నుంచి ఒక చిన్న మార్పు ఉంది. పట్టాదారు పేరు "వెంకయ్య" అనే ఉన్నది గాని, దాని కింద సన్నని అక్షరాలతో "మార్ఫతు సుబ్బయ్య" అని చేరింది. మార్ఫతు అంటే "ఫలానా వారి ద్వారా" అని మీకు తెలుసు. డబ్బు పట్టుకుని మునసబు దగ్గరకు వెళ్లినవాడు సుబ్బయ్య. పాత శిస్తు కాగితాల్లో పట్టాదారు పేరుకన్నా ఈ మార్ఫతు పేరుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. పట్టాదారు ఎప్పుడో పోయి ఉండవచ్చు, మార్ఫతు మనిషి మాత్రం ఆ రోజు ప్రాణాలతో ఎదుట నిలబడి ఉన్నాడు. 1908-09లో పెద్ద వెంకయ్య కాలం చేసి ఉండాలి, లేదా కదలలేని స్థితిలో ఉండాలి. ఈ రెంటిలో ఏదో మార్ఫతు ఒక్కటే తేల్చదు. దానికి ఫసలీ 1322 దాకా వెళ్లాలి.

ఆ ఏటి నకలును భూతద్దంతో చూడండి. మీరు "లక్ష్మమ్మ గారు" అని చదివిన చోట అసలు ఉన్నది "మై. రామయ్య గా. లక్ష్మమ్మ". గొలుసుకట్టు రాతలో అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం వల్ల "గా." అన్నది మీకు ఆమె పేరుకు తగిలించిన గౌరవవాచకంలా కనబడింది. శిస్తు లెక్కలో కరణం సాధారణంగా రైతుల పేర్లకు గారు తగిలించేవాడు కాదు, అక్కడ ఒట్టి పేరే. "మై." అంటే మైనరు, "గా." అంటే గార్డియను. ఆ 3 ఎకరాల 20 సెంట్లూ లక్ష్మమ్మకు వచ్చినవి కావు, రామయ్య అనే పిల్లవాడికి వచ్చినవి. ఆమె అతని తరఫున నిలబడింది. ఇలాంటి పొడి అక్షరాల దగ్గర పొరపాటు పడనివారుండరు. "తం." అన్నదాన్ని తమ్ముడు అనుకుని, మా వంశవృక్షంలోనే ఒక తండ్రీకొడుకులను నాలుగేళ్ల పాటు అన్నదమ్ములుగా ఉంచినవాణ్ణి నేను.

మైనరు అన్న ఆ ఒక్క మాటతో రామయ్య వయసు కొంతవరకు చిక్కుతుంది. 1875 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండితే మేజరు. 1912-13లో మైనరు అంటే 1894 తరువాత పుట్టినవాడు. మీ ఫసలీ 1337 నకలులో మైనరు అన్న మాట లేకుండా "రామయ్య తం. వెంకయ్య" అని ఉంది కనుక, 1927-28 నాటికి పద్దెనిమిది దాటాయి, అంటే 1910 లోపు పుట్టాడు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లెక్కలో మైనరు అన్న మాట కొత్తగా చేరిన ఏడు దాన్ని నమ్మవచ్చు. ఆ తరువాత ఏళ్ల తరబడి అదే మాట కొనసాగితే నమ్మకూడదు, మీసాలు వచ్చి పిల్లలు పుట్టినవాణ్ణి కూడా కరణం అలవాటు చొప్పున మైనరుగానే ఎక్కించుకుంటూ పోయిన లెక్కలు నేను చూశాను. మీకు దొరికిన రెండు మాటలూ, 1322లో మైనరు చేరడమూ 1337 నాటికి అది పోవడమూ, కరణం ఆగి రాసినవే కనుక ఈ లెక్కకు గట్టి పునాది ఉంది.

ఇప్పుడు "0-5-4". ఇది బాకీ కాదు. అది రూపాయలు, అణాలు, పైలలో రాసిన వాటా. ఆస్తి మొత్తాన్ని ఒక రూపాయిగా, అంటే పదహారు అణాలుగా అనుకుని, ఒక్కొక్కరి భాగాన్ని అణాల్లో చెప్పడం మన పాత పద్ధతి. నాలుగణాల వాటా అంటే నాలుగో వంతు, రెండణాల వాటా అంటే ఎనిమిదో వంతు. అణాకు పన్నెండు పైలు కనుక రూపాయికి 192 పైలు, అందులో మూడో వంతు 64 పైలు, అంటే సరిగ్గా 5 అణాల 4 పైలు. పాత కాగితాల మీద 5-4 కనబడితే ముగ్గురు వాటాదారులున్నారనీ, 2-8 కనబడితే ఆ ముగ్గురిలో ఒకరి భాగం మళ్లీ ఇద్దరికి చీలిందనీ మొదట అనుమానించాలి. ఆ అంకె ఉన్న రసీదు ఫసలీ 1321ది, అంటే పట్టా చీలిన దానికి ముందు ఏడుది. ఇంట్లో పంపకాల మాట నడుస్తుండగా ఎవరో చేతికందిన కాగితం వెనుక లెక్క వేసుకున్నారు.

ఆ లెక్క నేల మీద కూడా సరిపోయిందా? మీ 1321 నకలులో వెంకయ్య పట్టా విస్తీర్ణం 9 ఎకరాల 60 సెంట్లు, శిస్తు 24 రూపాయలు. 1322లో రామయ్యకు చీలినది 3 ఎకరాల 20 సెంట్లు, దాని శిస్తు 8 రూపాయలు. విస్తీర్ణమూ మూడో వంతే, శిస్తూ మూడో వంతే. రెండూ కలవడం ముఖ్యం. సెటిల్మెంటులో నేల తరాన్ని బట్టి ఎకరానికి శిస్తు నిర్ణయించేవారు కనుక, విస్తీర్ణం మూడో వంతు ఉండి శిస్తు అయిదో వంతే ఉంటే, ఆ పిల్లవాడికి చవుడు నేల అంటగట్టారని అనుకోవలసి వచ్చేది. ఇక్కడ అలాంటి అన్యాయం జరగలేదు.

మూడో వంతు అంటే ముగ్గురెవరు అన్నది అసలు ప్రశ్న. ఇక్కడ తొందరపడితే తప్పుదారి పట్టే ప్రమాదముంది. ఆనాటి మితాక్షర న్యాయం (ఉమ్మడి ఆస్తికి వర్తించే హిందూ న్యాయం) ప్రకారం పిత్రార్జితంలో కొడుకులందరికీ సమాన వాటా, తండ్రి బతికి ఉండగా పంచుకుంటే తండ్రికి కూడా ఒక కొడుకుతో సమానమైన వాటా. కాబట్టి పెద్ద వెంకయ్య 1912లో బతికి ఉండి, సుబ్బయ్య, రామయ్య అని ఇద్దరే కొడుకులు ఉన్నా మూడో వంతే వస్తుంది. వెంకయ్య చనిపోయి ముగ్గురు కొడుకులు ఉన్నా మూడో వంతే వస్తుంది. దక్షిణాదిలో పంపకాల సమయంలో తల్లికి విడిగా వాటా ఇచ్చే ఆచారం అప్పటికే పోయింది కనుక లక్ష్మమ్మను మూడో వాటాదారుగా లెక్కించనక్కరలేదు. మిగిలిన రెండింటిలో ఏది నిజమో ఆ "గా." అన్న పొడి అక్షరం చెబుతున్నది. తండ్రి బతికి ఉంటే మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రే, కరణం "గా. వెంకయ్య" అని రాసేవాడు. ఒక స్త్రీ పేరు రాయవలసి వచ్చిందంటే పిల్లవాడికి తండ్రి లేడు. దీనికి 1318 నుంచి కనబడుతున్న మార్ఫతును కలిపి చూస్తే, పెద్ద వెంకయ్య 1912కు ముందే, బహుశా 1908-09 ప్రాంతంలోనే గతించాడని నిర్ధారణకు రావచ్చు. తండ్రి మీదనే దావా వేసిన సందర్భంలో తల్లి సంరక్షకురాలిగా నిలబడే అవకాశం ఒకటి ఉన్నది గాని, అలాంటిదేదైనా జరిగి ఉంటే మీ ఊళ్లో ఈనాటికీ దాన్ని చెప్పుకుంటూ ఉండేవారు.

అప్పుడు రామయ్య ఎవరు? "తం. వెంకయ్య" అంటే మీ ముత్తాత వెంకయ్య కాదు, ఆయన తాత వెంకయ్య. రామయ్య మీ ముత్తాతకు అన్నదమ్ముడూ కాదు, కొడుకూ కాదు, తండ్రి తమ్ముడు, అంటే బాబాయి. అయితే రామయ్య 1894కూ 1910కీ మధ్య పుట్టాడు. మీరు ఇచ్చిన వివరాలను బట్టి మీ ముత్తాత కూడా ఇంచుమించు ఆ కాలంలోనే పుట్టి ఉండాలి. ఒకే లోగిట్లో ఒకే ఈడున పెరిగిన బాబాయినీ అన్న కొడుకునూ ఊరివారు అన్నదమ్ములుగా గుర్తు పెట్టుకోవడంలో వింత లేదు. ఆ కుటుంబం వారు చెప్పేది ఒక మెట్టు తేడాతో నిజమే. మీ పెద్దలు ఎందుకు ఒప్పుకోలేదో ఊహించగలను గాని, కాగితం వారి పక్షాన లేదు.

లక్ష్మమ్మ విషయంలో ఇంకొంచెం నెమ్మదిగా మాట్లాడాలి, ఎందుకంటే ఒక మనిషి పరువు తరతరాలుగా గుసగుసల్లో నలిగింది. పట్టా చీలికలో ఆమె కొడుకుకు వచ్చినది అక్షరాలా సమాన వాటా. ఆనాటి న్యాయం ప్రకారం వివాహం కాని స్త్రీకి పుట్టిన కొడుకుకు పెళ్లాడిన భార్య కొడుకుతో సమానంగా వాటా వచ్చేది కాదు. పెద్దకొడుకు సుబ్బయ్య అప్పటికే సంసారాన్ని నడుపుతున్నవాడు, ఊళ్లో పలుకుబడి అంతా అతనిదే. ఆమె వివాహంలో ఏమాత్రం సందేహం ఉన్నా అతను పూర్తి మూడో వంతును వదులుకుని ఉండేవాడు కాడు. కనుక పెళ్లే జరగలేదన్న మాటను మీరు నిర్భయంగా పక్కన పెట్టవచ్చు. రెండో భార్య అవునా కాదా అన్నది మాత్రం శిస్తు లెక్క చెప్పలేదు. మద్రాసు రాష్ట్రంలో హిందువుల ద్విభార్యత్వాన్ని నిషేధించిన చట్టం 1949లో గాని రాలేదు కనుక రెండో పెళ్లి అయినా అది చట్టబద్ధమైన పెళ్లే. పెద్దకొడుకుకూ చిన్నకొడుకుకూ పదిహేను, ఇరవై ఏళ్ల ఎడం ఉండటం ఆ రోజుల్లో ఒకే తల్లి సంతానంలో కూడా ఉన్న సంగతే, కాబట్టి సుబ్బయ్య తల్లి కూడా లక్ష్మమ్మే కావచ్చు. వృక్షంలో ఆమెను పెద్ద వెంకయ్య భార్యగా, రామయ్య తల్లిగా రాయండి. మొదటి, రెండు అన్న అంకెలు వేయకండి.

ఇక మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ముగ్గురు వాటాదారులని తేలింది. సుబ్బయ్య ఒకడు, రామయ్య ఒకడు, మూడోవాడెవడు? 1322 లెక్కలో మిగిలిన 6 ఎకరాల 40 సెంట్ల ఎదుట "వెంకయ్య తం. సుబ్బయ్య వగైరా" అని ఉంది. 1321లో వగైరా లేదు. చనిపోయిన తండ్రి పేరును అలాగే ఉంచి, రామయ్య విడిపోగా మిగిలినవారు ఒకరికన్నా ఎక్కువమంది ఉన్నారని తెలియజేయడానికి కరణం కొత్తగా ఆ మాట చేర్చాడు. ఆ వగైరాలో సుబ్బయ్యతో పాటు ఇంకొక సోదరుడున్నాడు. మీ ఇంట్లోగాని ఆ కుటుంబంలోగాని అతని పేరు ఎవరూ ఎత్తలేదు. 1345 నకలు వచ్చేసరికి వగైరా పోయింది, 6 ఎకరాల 40 సెంట్లూ ఒక్క "వెంకయ్య తం. సుబ్బయ్య" పేర ఉన్నాయి. ఈ వెంకయ్యే మీ ముత్తాత. తాత పేరు నుంచి మనవడి పేరుకు లెక్క మారిన అతుకు అక్కడ ఉంది, పేరు ఒకటే కావడం వల్ల అది ఎవరికీ కనబడలేదు.

మూడో సోదరుడి వాటా మీవైపే వచ్చి కలిసింది కనుక, అతను సంతానం లేకుండా, సుబ్బయ్యతో ఉమ్మడిగా ఉండగానే చనిపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆనాటి న్యాయం ప్రకారం అతని భాగం బతికి ఉన్న సమష్టి సభ్యులకే చెందేది, భార్య ఉన్నా 1937 నాటి చట్టానికి ముందు ఆమెకు మనోవర్తి తప్ప వాటా ఉండేది కాదు. లేదా అతను తన భాగాన్ని అన్నకు రాసిచ్చి ఊరు విడిచి వెళ్లి ఉండవచ్చు, ఎవరికైనా దత్తు వెళ్లినా వెళ్లి ఉండవచ్చు. దత్తు వెళ్లినవాడికి లెక్కలో తండ్రి పేరు మారిపోతుంది కనుక, వేరే ఊరి లెక్కలో అతను వేరే తండ్రి కొడుకుగా కనబడతాడు. ఏది జరిగిందో తేల్చడానికి ఫసలీ 1323 నుంచి 1344 వరకు లెక్కల్లో వగైరా ఏ ఏట జారిపోయిందో వెదకండి. ఆ ఏటి పట్టా మార్పుల లెక్క దొరికితే అందులో కారణం కూడా ఉంటుంది: వారసత్వం, క్రయం, దానం, భాగం, వీటిలో ఏదో ఒకటి. కొత్త పేరు ఎక్కిన ప్రతిచోటా వారసుడే వచ్చాడని అనుకోకూడదని చెప్పేది కూడా ఆ లెక్కే.

రెండో దారి రిజిస్ట్రారు కచేరీ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి పంపక పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. 9 ఎకరాల 60 సెంట్ల పంపకం ఆ హద్దు దాటే ఉంటుంది. నోటిమాటతో పంచుకుని ఊరుకున్నవారూ చాలామందే గాని, మైనరు ఉన్న చోట పెద్దమనుషులు పారీఖత్తు (పంపక పత్రం) రాయించకుండా ఉండటం అరుదు. 1911 నుంచి 1913 వరకు పేర్ల సూచికలో సుబ్బయ్య పేరుతోను, లక్ష్మమ్మ పేరుతోను వెదికించండి. పారీఖత్తు దొరికిందంటే మూడో సోదరుడి పేరు, వారి వయసులు, సంరక్షకురాలు మైనరుకు ఏమవుతుందో, అన్నీ ఒక్క కాగితంలో ఉంటాయి. మీ రెండు కుటుంబాల పొలాలూ ఒకే సర్వే నంబరుకు సబ్‌డివిజన్లు అవునో కాదో పొలం కొలతల పుస్తకంలో కూడా చూడండి. ఒకే నంబరు రెండుగానో మూడుగానో చీలి ఉంటే మన ఊహకు నేల సాక్ష్యం పలికినట్టు.

పెద్ద వెంకయ్యకు పైకి వెళ్లాలంటే కాగితాలు వేరే జిల్లా పేర ఉంటాయని గుర్తుంచుకోండి. 1859లో రద్దయిన గుంటూరు జిల్లా 1904లో గాని మళ్లీ ఏర్పడలేదు, ఆ మధ్య కాలంలో మీ ఊరు కృష్ణా జిల్లాలోది. ఆ కాలపు కాగితాల కోసం హైదరాబాదు తార్నాకలోని పురాభిలేఖాలయంలోనే కాక, చెన్నై ఎగ్మూరులోని దానిలోనూ అడగవలసి రావచ్చు. మీ వారికి ఏదైనా ఇనాం భూమి (శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన మాన్యం) ఉండి ఉంటే అదృష్టవంతులే. 1858 తరువాత ఇనాం కమిషను తయారు చేయించిన రిజిస్టరులో మొదట ఇనాం పొందినవాడు, అప్పటి అనుభవదారు, అతని వయసు, మొదటివాడితో అతని బంధుత్వం, అతని వారసులు అన్నీ రాశారు. శిస్తు వసూలు కోసం పుట్టిన కాగితాల్లో బంధుత్వాన్ని సూటిగా అడిగి రాసినది నాకు తెలిసి అదొక్కటే. ఇనాం లేకపోతే 1832-33 నాటి డొక్కల కరువు దాటి వెనక్కి వెళ్లడం గుంటూరు సీమలో కష్టం. ఆ కరువులో పోయినవారెందరో, వలస వెళ్లినవారెందరో, వారి పేర్లు లెక్కల్లో ఒక్కసారిగా తెగిపోతాయి. తెగిన పేరు చావుకు గుర్తు అని మాత్రం అనుకోకండి.

జమీందారీ గ్రామాల వారు ఈ జవాబును తమకు అన్వయించుకోబోతే ఒక అడ్డంకి ఉంది. అక్కడ రైతు శిస్తు కట్టినది దివాణానికి, అంటే జమీందారు కచేరీకి. సర్కారు లెక్కలో జమీందారు కట్టే పేష్కషు (కప్పం) తప్ప రైతు పేరు ఉండదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సర్వే సెటిల్మెంటుకు ముందు కాలానికి వారు దివాణం కాగితాలనో, రైతుల ఇళ్లలో మిగిలిన పట్టాలనో ఆశ్రయించాలి. భూమి లేని కుటుంబాల వారికి 1860 ప్రాంతం దాకా మగ్గాల మీద, దుకాణాల మీద, చేతివృత్తుల మీద వసూలైన మొతర్ఫా లెక్కలు పనికివస్తాయి. కౌలుదారులు, పాలేర్లు ఊళ్లో తరాల పాటు ఉండి కూడా శిస్తు లెక్కలో ఎక్కడా కనబడకపోవచ్చు.

మీరు ముందుగా చేయవలసిన పనికి ఏ కచేరీకీ వెళ్లనక్కరలేదు. రామయ్య సంతతివారింటికి వెళ్లి, పాత పెట్టెలు ఏమైనా ఉన్నాయా అని అడగండి. పంపకం నాటి కాగితాన్ని భద్రంగా దాచుకోవలసిన అవసరం ఉమ్మడిలో మిగిలిన సుబ్బయ్య కన్నా, చిన్నపిల్లవాడితో వేరుపడిన లక్ష్మమ్మకే ఎక్కువగా ఉండి ఉంటుంది. ఫసలీ 1322 నకలు వెంట తీసుకువెళ్లి, ఆ "మై. రామయ్య గా. లక్ష్మమ్మ" అన్న వరసను వారికి చూపించండి. ఈలోగా వంశవృక్షంలో సుబ్బయ్యకూ రామయ్యకూ మధ్య ఒక గడి ఖాళీగా గీసి, అందులో ప్రస్తుతానికి పెన్సిలుతో వగైరా అని రాసి ఉంచండి.